ఎత్తిన చెయ్యి

విన్నిపెగ్
21 సెప్టెంబరు 1997

తమ్ముడూ ఆర్నీ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానంటేనే నీకు తెలిసిపోయి ఉంటుంది, ఇది ఫోన్లో తెగే మాట కాదని. ఫోన్లో అయితే నాలుగో మాటకి నువ్వు పెట్టేస్తావు. ఐదో మాట నా గొంతులోనే ఉండిపోతుంది.

సాల్ట్‌హామర్ బ్యాండు కొత్త ఆల్బం వచ్చింది. పదమూడేళ్ళ తర్వాత! శుక్రవారం పొద్దున్న క్యాసెట్ల కొట్టు తలుపు తియ్యకముందే వీధి మలుపు దాకా వరస. అందరూ మన ఈడువాళ్ళే. నెత్తిన జుట్టు లేకపోయినా వెనకాల పిలక మాత్రం ఉంది. పాత టీషర్టులు పొట్టల మీద బిగిసిపోయి, బ్యాండు పేరులో సగం అక్షరాలు చంకల్లోకి పోయాయి. నేనూ ఆ వరసలో నిలబడ్డాను, స్కూలు బస్సు డ్రైవరు కోటుతోనే. ఎవరూ నవ్వలేదు. వెనకాల ఒకాయన, "ఇన్నాళ్ళకి గార్త్ గొంతు ఎలా ఉందో ఏమో" అని పెళ్ళికూతురు తండ్రిలా కంగారుపడుతున్నాడు.

పిల్లల్ని స్కూల్లో దింపేసి ఖాళీ బస్సులోనే క్యాసెట్ పెట్టాను. గొంతు అలాగే ఉందిరా, కాస్త తుప్పు పట్టిందంతే. ఐదు పాటలు చిన్నపిల్లలా తలాడిస్తూ విన్నాను. ఆరో పాట పేరు "ఎత్తిన చెయ్యి".

ఆ పాటలో మాటలు రాస్తున్నాను. కూర్చుని చదువు.

"కంచె దగ్గర ఒక చెయ్యి లేచింది, మణికట్టు నిండా తెల్లని పిండికట్టు. నా కోసమే అనుకున్నా. వెలుగు నా కళ్ళలో, నువ్వు చీకట్లో. నవ్వుతూ నేనూ చెయ్యి ఊపాను."

వాళ్ళు మన పోర్ట్ హార్లన్ అరీనాలో పాడిన రోజు స్టేజీ ముందరి ఇనప కంచె కూలి జనం ఒకరి మీద ఒకరు పడ్డప్పుడు, చేతికి పిండికట్టుతో ఉన్నవాడు మన చిన్నవాడు టాపియో ఒక్కడే. హాకీ ఆడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడని అమ్మ వెళ్ళద్దంటే, "చెయ్యేగా విరిగింది, చెవులు బానే ఉన్నాయి" అని పరిగెత్తాడు. పోయినవాడూ వాడొక్కడే. పద్దెనిమిదేళ్ళుగా ఆ బ్యాండువాళ్ళు వాడి మాట ఎత్తలేదు. ఇప్పుడు గార్త్ మెలాన్సన్ అంటున్నాడు, తను చూశానని.

ఎక్కడో ఎవరి నోటో వినేకంటే ముందు నా ద్వారా తెలియాలని రాస్తున్నాను. ఒంటరిగా వినకు. మరదలు షార్లీన్ ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకో.

మీ అక్క,
హెల్మి


పోర్ట్ హార్లన్
30 సెప్టెంబరు 1997

అక్కా,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నాకు శనివారమే తెలుసు. మిల్లులో కాగితం యంత్రం దగ్గర ఫ్యూజు మారుస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు రేడియో పెట్టుకున్నారు. నన్ను చూడగానే కట్టేశారు. ఎందుకు కట్టేశారా అనుకున్నాను. సాయంత్రం ఇంటికొస్తే షార్లీన్ మొహం చూసి అర్థమైంది.

కారులో కూర్చుని విన్నాను. ఒక్కసారే. తర్వాత క్యాసెట్ తీసి డాష్‌బోర్డు పెట్టెలో పడేశాను.

చెయ్యి ఊపాడట! మనవాడు ఊపిరాడక చెయ్యెత్తితే, వాడు నవ్వుతూ టాటా చెప్పాడట. చెప్పి, ఇంకో మూడు పాటలు పాడాడు. అది అప్పుడు చెప్పలేదు. అమ్మ బతికుండగా చెప్పలేదు. విచారణలో "మాకేం కనపడలేదు" అని లాయరు చేత చెప్పించారు. ఇప్పుడు ఆల్బం అమ్ముకోవాల్సి వచ్చేసరికి కళ్ళొచ్చాయి.

ఊళ్ళో మాటలు వింటావా? బారులో సగం మంది "పాపం, ఇన్నేళ్ళు మోశాడు" అంటున్నారు. మిగతా సగం "శవం మీద పేలాలు ఏరుకుంటున్నాడు" అంటున్నారు. రెండు జట్లూ నన్ను చూడగానే నోరు మూసుకుని గ్లాసుల్లోకి చూస్తున్నారు. నిన్న రేడియోకి ఎవడో ఫోన్ చేసి, పదమూడేళ్ళ ఎదురుచూపుకి ఈ ఒక్క పాట చాలన్నాడు. ఈ ఆల్బం కోసం నేనూ ఎదురుచూశాను కదక్కా. అదే నన్ను చంపుతోంది.

నువ్వు ఏడ్చావని తెలుసు. ఏడువు. కానీ ఆ గార్త్ తరఫున మాత్రం నాకు చెప్పకు.

ఆర్నీ


విన్నిపెగ్
9 అక్టోబరు 1997

ఆర్నీ,

నేనెవరి తరఫునా మాట్లాడటంలేదు. చూసింది చెప్తాను, విను.

ఆదివారం వాళ్ళు ఇక్కడ పాడారు. వెళ్ళాను. తిట్టుకో. ఆరో పాట మొదలయ్యేసరికి హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. అప్పుడు జనం ఒక్కొక్కళ్ళే కుడి చెయ్యి ఎత్తారు. చాలామంది మణికట్టుకి తెల్లటి గుడ్డ చుట్టుకున్నారు. వేల చేతులురా! మన టాపీ పేరు కూడా వాళ్ళకి తెలీదు. అయినా వాడి కోసం నిలబడ్డారు. చిన్నవాడు పోయినప్పుడు చర్చిలో ఎంతమంది ఉన్నారు? మన వీధివాళ్ళు, వాడి హాకీ జట్టు, అంతేగా. నేను కూర్చుండిపోయాను. పక్కనున్న పెద్దావిడ మంచినీళ్ళిచ్చింది. "ఎవరైనా పోయారామ్మా?" అంది. "తమ్ముడు" అన్నాను. అంతకంటే చెప్పలేదు.

ఇంటికొచ్చి గార్త్‌కి చిన్న ఉత్తరం రాసి వాళ్ళ అభిమాన సంఘం చిరునామాకి పంపాను. "ఆ చెయ్యి నా తమ్ముడిది. వాడి పేరు టాపియో. మీ పాట విన్నాను" అని మూడే వాక్యాలు. నీకు చెప్పకుండా ఉండలేను కాబట్టి చెప్తున్నాను.

ఒకటి ఆలోచించు. తను చూశానని ఒప్పుకోకపోతే ఎవరడిగేవాళ్ళు? నోరు మూసుకుని ఇంకో పద్దెనిమిదేళ్ళు పాడుకునేవాడు.

చలి మొదలైంది. నీ మోకాలు ఎలా ఉంది?

అక్క


పోర్ట్ హార్లన్
27 అక్టోబరు 1997

హెల్మీ,

అక్కా అని రాయబుద్ధి కావటంలేదు ఇవాళ.

నీ మూడు వాక్యాలు ఎంత దూరం వచ్చాయో తెలుసా? గురువారం రేడియోలో గార్త్‌తో ముఖాముఖి. మిల్లు క్యాంటీన్లో అందరం వింటున్నాం. వాడు గొంతు బరువు చేసుకుని అన్నాడు: "ఆ అబ్బాయి అక్క నాకు ఉత్తరం రాసింది. ఆ కుటుంబం నన్ను క్షమించింది." క్యాంటీన్ మొత్తం నా వైపు తిరిగింది. ఒకడొచ్చి నా భుజం తట్టి, "గొప్ప మనసు మీది" అన్నాడు. వాడి చెయ్యి విదిలించి బయటికొచ్చేశాను.

కుటుంబమంటే ఎవరు? నువ్వొక్కదానివేనా? అమ్మ ఉంటే ఒప్పుకునేదా? నన్నైనా అడిగావా?

ఇక ఆ తెల్లగుడ్డలు. నువ్వు మురిసిపోయావు చూడు, వాటిని ఇప్పుడు హాళ్ళ బయట అమ్ముతున్నారు. టీషర్టుల పక్కన, బ్యాండు బొమ్మ అచ్చేసి. మునిగిపోయేవాడు సాయం కోసం ఎత్తిన చెయ్యి వీళ్ళకి పండగయింది. రేపు ఏ పిల్లో నిజంగా ఊపిరాడక చెయ్యెత్తితే, వెయ్యి చేతుల మధ్య అదెవరికి కనపడుతుంది? ఇది ఒక్క మనిషికైనా తట్టలేదా?

నవంబరు ఇరవై రెండున ఇక్కడికి వస్తున్నారు. మన అరీనాకే. ఊరికి మేలు చేస్తున్నారట. కరెంటు పనికి మిల్లునుంచి ముగ్గుర్ని అడిగితే నేను పేరిచ్చాను. బ్రూస్ పెల్టియర్ ఇప్పుడక్కడ మేనేజరు, మారు మాట్లాడకుండా రాసుకున్నాడు. ఈసారి లైట్లు నా చేతిలో ఉంటాయి. ఆ పాట మొదలవనీ. అప్పుడు చెప్తాను గార్త్ సంగతి.

నువ్వు మాత్రం రాకు.

ఆర్నీ


విన్నిపెగ్
3 నవంబరు 1997

ఆర్నీ, నాన్నా,

క్షమించానని నేను రాయలేదు. ఆ మాట నా ఉత్తరంలో లేదు, నా నోట్లో లేదు. అతను వినాలనుకున్నది చదువుకున్నాడు. తప్పు చెప్పారని రేడియోవాళ్ళకి ఫోన్ చేశాను. "మా అభిమానులు చాలా కదిలిపోయారండీ" అని ఆ అమ్మాయి నాకే థాంక్స్ చెప్పి పెట్టేసింది.

తెల్లగుడ్డల గురించి నువ్వన్నది నిజమే. నాకు తట్టలేదు. చదివాక నిద్ర పట్టలేదు.

కానీ నీ ఉత్తరంలో చివరి మాటలు నన్ను ఇంకా భయపెడుతున్నాయి. లైట్లు నా చేతిలో అంటే ఏమిట్రా? అంతమంది జనం, ఇరుకు గుమ్మాలు, ముందర ఇనప కంచె. అందులో ఒక్కసారి చీకటైతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? గార్త్ స్టేజీ మీద ఉంటాడు, వాడికేం కాదు. కింద ఉండేది మన ఊరి పిల్లలు.

నీ కోపం నాకు తెలుసు. టాపీ పోయినప్పుడు గరాజు తలుపు గొడ్డలితో నరికావు, అమ్మ చూస్తుండగా. అలాంటిదేదో చెయ్యకు. "అక్కా, నువ్వనుకున్నది కాదు" అని ఒక్క ముక్క రాయి. చాలు.

హెల్మి


విన్నిపెగ్
14 నవంబరు 1997

ఆర్నీ,

జవాబు లేదు. ఫోన్ చేస్తే షార్లీన్ ఎత్తింది. "గరాజులోనే ఉంటున్నాడు వదినా, అన్నానికి పిలిచినా పలకటంలేదు. నీ ఉత్తరం బల్లమీద అలాగే ఉంది" అంది. విప్పలేదా? విప్పి పలకటంలేదా?

నువ్వు చెప్పకపోతే నాకు తోచింది నేను చేస్తాను. తర్వాత నన్ను అనకు.

అక్క


పోర్ట్ హార్లన్
15 నవంబరు 1997

హెల్మి,

నీ దగ్గర్నుంచి ఏమీ చదవదలుచుకోలేదు, ఈ పని అయ్యేదాకా. మళ్ళీ అతని తరఫున రాసి ఉంటావు. రావద్దని ఇంకోసారి చెప్తున్నాను.

ఆర్నీ


విన్నిపెగ్
25 నవంబరు 1997

ఆర్నీ,

ఇది విప్పుతావో లేదో తెలీదు. విప్పితే మొత్తం చదువు.

బ్రూస్‌కి ఫోన్ చేసింది నేనే. "ఆ పాటలో మా తమ్ముడు లైట్లు ఆర్పేస్తాడేమో, వాణ్ణి లైట్ల దగ్గరికి రానివ్వకండి" అన్నాను. పోలీసులకి చెప్పద్దని బతిమాలాను. అతను "సరే హెల్మీ" అన్నాడు.

శనివారం బస్సెక్కి వచ్చాను. నువ్వు రావద్దన్నా వచ్చాను. గుమ్మం దగ్గర నిన్ను ఇద్దరు ఆపి పక్కకి తీసుకెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఊరంతా చూసింది. నువ్వు పెనుగులాడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని వాళ్ళ వెంట నడిచావు. అది చూసి నేను స్తంభం చాటుకి పోయాను. నీ ఎదురుగా నిలబడే ధైర్యం లేకపోయింది.

లోపల జరిగింది నాకు తెలిసినంత చెప్తాను. టాపీ నిలబడ్డ చోట నిలబడాలనిపించి కంచె దగ్గరికి వెళ్ళాను. ముందర వరసల్లో టొరంటో నుంచీ సూ సెయింట్ మెరీ నుంచీ బస్సుల్లో వచ్చినవాళ్ళు, అందరి చేతులకీ తెల్లగుడ్డలే. మనూరివాళ్ళు వెనక. వాళ్ళలో ఒక్కడి చేతికీ గుడ్డ లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకున్నట్టు లేదు, అయినా లేదు.

ఆరో పాట మొదలైంది. ముందువాళ్ళు చేతులెత్తారు. వెనక మనవాళ్ళు కదల్లేదు. అప్పుడెవరో అరిచారు, "దించండ్రా ఆ చేతులు!" అని. మిల్లు గొంతే అది. ఇటువాళ్ళు "పాట విననివ్వండి, మీకేం నొప్పి?" అన్నారు. "నొప్పా? మా ఊరి పిల్లాడ్రా వాడు!" అని ఒకడు ఎవరి చెయ్యో పట్టుకుని కిందికి లాగాడు. ఆ గుడ్డ చిరిగింది. అంతే, తోపులాట మొదలైంది. అలలాగా వచ్చి మీద పడింది. కంచె నా రొమ్ములకి ఆనుకుంది. కాళ్ళు నేలమీద లేవు. అరుద్దామంటే ఊపిరి లేదు. నా చెయ్యి ఎత్తాను.

నా చుట్టూ అన్నీ చేతులే, ఆర్నీ. నువ్వు రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. గార్త్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

ఇక అయిపోయిందనుకున్నప్పుడు హాలు లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. పట్టపగల్లా. అరుస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి కనిపించాయి. గార్త్ కళ్ళు తెరిచాడు. చూశాడు. వాయించేవాళ్ళవైపు తిరిగి "ఆపండి! ఆపండి!" అని అరిచాడు. మైకులో, "మొదట వెనకున్నవాళ్ళు కదలండి. ఒక్కొక్క అడుగు వెనక్కి. మీరు కూడా, గళ్ళచొక్కా ఆయనా, మీరే" అంటూ వరస వరసగా జనాన్ని వెనక్కి పంపాడు. స్టేజీ మీంచి దిగి కంచె దగ్గరికొచ్చి నన్నూ ఇంకో అమ్మాయినీ చంకల్లో చెయ్యేసి లాగాడు. నేనెవరో అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు.

పాట పూర్తి చెయ్యలేదు. ఎవరూ పూర్తి చెయ్యమనలేదు.

లైట్లు వేసిన మహానుభావుడెవరో నాకు తెలీదు. నువ్వు లోపలికి రాకుండా చేసినందుకు ఆ క్షణంలో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దాచను. తర్వాత నీ దగ్గరికి రావాలి. రాలేకపోయాను. బస్టాండుకి నడిచి, వచ్చిన మొదటి బస్సెక్కేశాను. పక్కటెముకలు నొప్పి తప్ప బానే ఉన్నాను.

హెల్మి


పోర్ట్ హార్లన్
4 డిసెంబరు 1997

అక్కా,

నీ మూడు ఉత్తరాలూ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. నవంబరు మూడో తారీకుది కూడా ఇప్పుడే విప్పాను. అప్పుడే విప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆ తప్పు నాది.

ఇప్పుడు నీది. ఆర్పేస్తానని ఎలా అనుకున్నావు? జనం కింద తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాణ్ణి, జనాన్ని చీకట్లో తోస్తానా? నేను వెయ్యాలనుకున్నాను, అక్కా. హాలు లైట్లు మొత్తం. "వెలుగు నా కళ్ళలో, నువ్వు చీకట్లో" అని పాడుతున్నాడుగా, చీకటి లేకుండా పాడు చూద్దాం, మా మొహాలు చూస్తూ పాడు అనుకున్నాను. అంతే నా పగ. నువ్వు గరాజు తలుపు గుర్తుపెట్టుకున్నావు. నన్ను గుర్తుపెట్టుకోలేదు. ఇది నాకు తొందరగా పోదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ రోజు బ్రూస్ నన్ను మేడమీద తన గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. "మీ అక్క ఫోన్ చేసింది ఆర్నీ. నన్ను తిట్టకు" అన్నాడు. కాఫీ గోడకేసి కొడదామనుకున్నాను. ఆ గదికి హాల్లోకి కనపడే అద్దాల కిటికీ ఉంది. పాట మొదలైంది. తోపులాట మొదలవడం పైనుంచి బాగా తెలుస్తుంది, ముందు ఒక మూల గడ్డి వంగినట్టు వంగుతుంది. ఆ మూల చూస్తే కంచె మీద నీలం కోటు. స్కూలు బస్సు కోటు.

"బ్రూస్, లైట్లు!" అన్నాను.

"కూర్చో ఆర్నీ. నువ్వు చేద్దామనుకున్నది అదేగా?"

"అవును, అదే! వెయ్యరా, ఆర్పమనటంలేదు, వెయ్యమంటున్నాను! అక్కడ చూడు, మా అక్క!"

వాడు అద్దంలోంచి చూశాడు. తలుపు తోసి పరిగెత్తాడు. మీట కిందికి లాగింది బ్రూసే. నేను గదిలోనే ఉన్నాను, అద్దానికి రెండు చేతులూ ఆనించి. నిన్ను ఎవరు లాగారో చూశాను.

అంతా అయ్యాక లైట్లు ఎవరు వేశారని కనుక్కుంటూ గార్త్ పైకొచ్చాడు. మనిషి పొట్టివాడక్కా. దగ్గర్నుంచి ముసలివాడు. పేరు చెప్పాను. కుర్చీ కోసం వెతుక్కుని కూర్చున్నాడు. క్షమించమని అడుగుతాడేమో, అడిగితే కొడదామని చూస్తున్నాను. అడగలేదు. నేనే అడిగాను, "వాడు భయపడుతున్నట్టు ఉన్నాడా?" అని.

"మొహం కనపడలేదు. కనపడిందని చెప్తే మీకు నచ్చుతుందేమో, కానీ కనపడలేదు. చెయ్యి ఒక్కటే చూశాను" అన్నాడు.

నమ్మాను. ఎందుకో తెలీదు. రేడియోలో అన్న మాట తప్పని చెప్పమన్నాను. మొన్న చెప్పాడు, విన్నావో లేదో. ఆ గుడ్డలు అమ్మడం ఆపించాడు. ఆ పాట ఇక స్టేజీ మీద పాడనన్నాడు. దాంతో అభిమానులు ఇప్పుడు మన ఊరిని తిట్టిపోస్తున్నారు, ఆల్బంలో ఉన్న ఒక్క మంచి పాటనీ పోర్ట్ హార్లన్ వాళ్ళు చెడగొట్టారని. బారులో కుర్రాళ్ళు ఆ తిట్లు చదివి తెగ సంబరపడుతున్నారు.

నిన్ను అడగాల్సింది ఒకటుంది. ఊళ్ళోకి వచ్చి, పక్కటెముకలు అంత నలిగాక కూడా, నా గడప తొక్కకుండా ఎలా పోయావు? షార్లీన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనే వెళ్ళగొట్టాననుకుని. డాక్టరుకి చూపించుకో. సెలవులివ్వగానే రా. బస్సొద్దు, నేనొచ్చి తీసుకొస్తాను.

నిన్న డాష్‌బోర్డులోంచి క్యాసెట్ తీసి మిగతా పాటలు విన్నాను. అన్నీ. గొంతు నువ్వన్నట్టే ఉంది. కానీ మూడో పాటలో గిటారు మరీ సాగదీశాడు, సగంలో ఆపాల్సింది. టాపీ ఉంటే "అదే అసలు బాగున్న చోటు, నీకు చెవుల్లేవు" అనేవాడు. నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. వాడే కరెక్టేమో అనిపిస్తోంది.

నువ్వేమంటావు?

ఆర్నీ